టీ గ్లాసు

జూటు మిల్లు మూసేసినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో
సాలూరు దారిలో, రెండు బోడికొండల మధ్య
నాలుగెకరాలు కొన్నాను. నడుమ ఒక సన్నటి గెడ్డ.
జేసీబీ వాడు పదకొండు రోజుల్లో గట్టు వేసి వెళ్ళాడు.
రెండో వానకి నీళ్ళు నిలిచాయి.
మా ఆవిడ దాన్ని చెరువు అనేది.
నేను లేక్ వ్యూ అని బోర్డు రాయించాను.

హంస ఆకారంలో ఒక తొక్కుడు బోటు, మనిషికి యాభై.
గట్టు మీద ఆరు సిమెంటు బెంచీలు,
నీడకి వరసగా తురాయి మొక్కలు,
చేపలు పోకుండా పొర్లుకట్టకి నైలాను వల.
ఫోటోల్లో అన్నీ బాగా పడేవి.

తవిటయ్య ఇరిగేషన్లో లస్కరు.
ముప్పై ఏళ్ళు తోటపల్లి కాలవ మీద సైకిల్ తోసుకుంటూ తిరిగినవాడు.
రాత్రి కాపలాకి పెట్టుకున్నాను.
మొదటి రోజు బోటు వైపు చూడనైనా చూడలేదు.
గట్టు దిగువ వైపు దిగి మడమతో నేల నొక్కాడు.
"బాబూ, ఇక్కడ తుంగ ఎందుకు మొలిసినట్టు?"
ఎండాకాలం. చుట్టూ గడ్డంతా ఎండి గరగరలాడుతోంది.
ఆ ఒక్క జానెడు చోటే పచ్చగా.
నాకది పచ్చదనంగానే కనపడింది.

మర్నాటి నుంచి అక్కడొక గొట్టం ముక్క గుచ్చి
టీ గ్లాసు పట్టేవాడు.
నిండడానికి ఎంతసేపో లెక్కపెట్టి
పాత కేలెండరు వెనక గీతలు గీసేవాడు.
చదువు రాదు, గీతలు వచ్చు.
గ్లాసుని సూర్యుడికెత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు.
"తేటగుంటే పర్నేదు. ఏ గట్టుకైనా కొంచిం సెమట పడతాది.
మట్టి రంగు దిగిందా,
గట్టు నోపల్నించి ఎల్పోతన్నట్టే."

తురాయి మొక్కలు పీకమన్నాడు, వేళ్ళు చచ్చాక సొరంగాలవుతాయట.
పందికొక్కు బొరియలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూపించాడు.
వల తియ్యమన్నాడు. మదుము తలుపు మరకి గ్రీజు పుయ్యమన్నాడు.
దసరా సీజను కానీ, అన్నాను.

అక్టోబరు తుఫాను.
రెండు రోజులు కొండలు కనపడలేదు.
మూడో తెల్లవారుజామున తలుపు కొట్టి
మాట్లాడకుండా గ్లాసు నా చేతిలో పెట్టాడు.
టీ అనుకున్నాను.
వెచ్చగా లేదు.

వల నిండా తుంగ, సీసాలు, ఎవరిదో చెప్పు.
నీళ్ళు బెంచీల కాళ్ళ దాకా.
మదుము తలుపు ఇద్దరం వేలాడినా తిరగలేదు.
దిగువన బూరివలస. పద్దెనిమిది ఇళ్ళు, ఒక బడి,
మొదట్లోనే దాలమ్మ పకోడీ బండి.
ఆదివారాలు మా బోటు జనమే ఆమె బేరం.
తవిటయ్య టార్చి పట్టుకుని ఊళ్ళోకి పరిగెత్తాడు.
నేను కూరగాయల కత్తితో వల మీదికి దిగాను.
తెగిన ప్రతి కన్నూ ముందు చేపని వదిలింది,
తర్వాత నీటిని.

ఆ పగలంతా ఆడవాళ్ళూ పిల్లలూ మెట్ట మీద నిలబడి
నా గట్టునే చూశారు.
ఎవరూ తిట్టలేదు. దాలమ్మ మాత్రం
"మాకొక్క మాట సెప్పకుండా
మా నెత్తి మీద ఇన్ని నీల్లెందుకెట్టినావు నాయినా?" అంది.
పొర్లుకట్ట పక్కన గట్టినేల చూసి
గునపాలతో కాలవ తీసింది వాళ్ళ మగవాళ్ళే.
సాయంత్రానికి నీళ్ళు మూడు మూరలు దిగాయి.
దిగువ వైపు చాపంత మేర జారి, గట్టు నిలబడింది.

తర్వాత ఒక ఇంజినీరు వచ్చి గట్టు కడుపు కోయించాడు.
బంకమట్టి లేదు, అంతా గరప.
మధ్యలో జేసీబీ వాడు పూడ్చేసిన తాటిదుంగ, సగం కుళ్ళి.
బాగు చెయ్యడానికి ఆయన చెప్పిన అంకె
నేను భూమికిచ్చిన దానికంటే పెద్దది.

గెడ్డ ఇప్పుడు దాని దారిన అది పోతోంది.
హంస బురదలో పక్కకి ఒరిగి ఉంది,
దాని సీటు కింద ఎవరిదో కోడి పిల్లల్ని చేసింది.
జీతం లేదన్నా తవిటయ్య పొద్దున్నే వస్తాడు,
గొట్టం కింద గ్లాసు పెట్టి కూర్చుంటాడు.

నిన్న రాజాం నుంచి ఎవరో ఫోన్ చేశారు,
పిల్లలతో వస్తాం, బోటు ఉందా అని.
ఉంది, అన్నాను.