నోట్‌బుర్గా లెక్క

రిట్టెన్ కొండవాలున
మంచు కరిగిన మొదటి ఆదివారం
నోట్‌బుర్గా పాల లెక్కల పుస్తకం చంకన పెట్టుకుని
మట్టి స్తంభాలు లెక్కపెడుతుంది.

ఎప్పటిదో హిమానీనదం
దించి మరిచిపోయిన బురద ఇదంతా.
పైన బండ ఉన్నచోట వాన ఆగింది,
లేనిచోట మన్నంతా వాగుపాలు.
చూసేవాళ్ళు ఎంతెత్తు పెరిగాయో అంటారు.
ఏదీ పెరగలేదు.
చుట్టూ ఉన్న నేలే దిగిపోయింది.

మూడేళ్ళ కిందట, అక్టోబరు రాత్రి,
ఒకదాని బండ జారింది.
ఆ చప్పుడుకి కొట్టంలో ఆవులు లేచి నిలబడ్డాయి.
తెల్లారి పాలక్యాను మోస్తూ
"పోనీలే, దానికి తలబరువు దిగింది" అన్నాను.
ఆమె నవ్వలేదు.
"ఇక అది వాన సొత్తు" అంది.

ఇవాళ అది మోకాలెత్తు మొద్దు.
నెత్తిన బండకు బదులు
ఒక గడ్డిపోచ, దానికే ఊగుతూ.

ముప్పై ఒకటి అని రాసింది.
పెన్సిలు చెవిన పెట్టుకోబోయి ఆగి,
వాగు గట్టున అప్పుడే బయటపడుతున్న
ఓ బండ నడినెత్తిని
బూటు మడమతో తన్ని చూసింది.
కదల్లేదు.

కొట్టేసి ముప్పై రెండు అని వేసింది,
పదకొండు లీటర్లు, ఒక దూడ
అన్న వరస కిందే.