తీర్మానం నెంబరు పదిహేడు

ఉదయగిరి వైపు నీళ్ల సంగతి
మా పళ్లు చెప్తాయి.
గోధుమరంగు చారలు, అంచులకి గార.
నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటాం
ఆడా మగా అందరం.
బయటివాళ్లు సిగ్గనుకుంటారు.

నేను మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటుని.
మీటింగులో నాకు కుర్చీ ఉంది, చెయ్యి లేదు.
లేచిన చేతుల్ని లెక్కబెట్టి
మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించడమే నా పని.

మాలకొండయ్య ప్రెసిడెంటు
ఫిల్టరు ప్లాంటు కోసం
కలెక్టరాఫీసు మెట్లు పక్కవాటుగా ఎక్కాడు
పదకొండుసార్లు.
యాభై రెండేళ్లకే మోకాళ్లు వంగవు ఆయనకి.
ప్లాంటొచ్చిన రోజు మొదటి బిందె
తన భుజానే పెట్టుకుని వీధంతా తిరిగాడు.
ఆ తీర్మానం కూడా నా చేత్తోనే రాశా.

తర్వాతిది ఎప్పుడు మొదలైందో
తేదీ వేసి చెప్పలేను.
ఒక రాత్రి పదకొండున్నరకి ఫోను.
"పడుకున్నావా పెంచలయ్యా, ఇది విను."
ఎవరిదో గొంతు. ఊరు లేదు, పేరు లేదు.
వెనకాల, సినిమాల్లో శవం లేచేటప్పటి వాయిద్యం.
ఆ నీళ్లలో మందు కలుపుతున్నారంట.
తాగినోళ్లకి మెల్లమెల్లగా భూమ్మీద ఆశ చస్తదంట.
పదేళ్లకి చేలన్నీ
అడిగినోడికి అడిగిన రేటుకి రాసిచ్చేస్తారంట.
కొండ కింద ఏదో ఉందంట.

"ఎవరు చెప్పారు సార్?"
"ఎవరూ చెప్పరయ్యా. అందుకే నిజం."

అక్కడ నేను నవ్వాల్సింది,
చెయ్యి అడ్డం పెట్టుకునైనా.

రెండు వారాలకి సుబ్బరాయుడు అరెకరం అమ్మాడు,
గుండె ఆపరేషనుకి.
"చూశావా" అన్నాడు ప్రెసిడెంటు.
ఓబులమ్మ చచ్చినా అమ్మనని కూర్చుంది.
"చూశావా, ఆమె ఆ నీళ్లు ముట్టదు."
ముడుతుంది. ఆమెకి క్యాను మోసేది మా మేనల్లుడే.

మీటింగుకి డాక్టరమ్మ షబానా
కాగితాలు తెచ్చింది.
ప్లాంటుకి ముందు ఇంత, తర్వాత ఇంత.
ఆయన తిప్పి తిప్పి చూశాడు.
"ఇంత శుభ్రంగా ఉందేందమ్మా లెక్క?
నిజం లెక్కకి యాడో ఒకచోట కొట్టివేత ఉంటది."

పన్నెండు చేతులు లేచాయి.
రెండు భయానికి, నాలుగు రోడ్డు బిల్లులకి,
ఒకటి పక్కది లేచింది కాబట్టి.
మిగిలినవి నిజంగా నమ్మినవి.
వాటి వంక చూడలేక తల వంచి రాశా:
విచారణ ముగియువరకు ప్లాంటుకు తాళము.
ఏకగ్రీవము.
నా దస్తూరీకి జిల్లాలో పేరుంది.

ఆయన దొంగైతే నాకు సుఖంగా ఉండేది.
నిజాన్ని ఎక్కడ దాచాడో దొంగకి తెలుసు.
తాగినప్పుడో, కోపంలోనో
ఒక్కసారైనా అటు చూస్తాడు.
ఈయన ఎటూ చూడడు.
రాత్రి రెండింటికి జీపులో ప్లాంటు చుట్టూ తిరుగుతాడు,
ఫోను వెలుగులో మొహం నీలంగా,
ఎవరి నుంచో
మమ్మల్ని కాపాడుతూ.
మా తరపున మాట్లాడమని ఓటేశాం.
మా తరపున భయపడమని కూడా వేశామేమో,
గుర్తు లేదు.

నేను వింజమూరు నుంచి క్యాను తెచ్చుకుంటున్నా
మోపెడ్ మీద, గోనెపట్టా కప్పి,
సారా తెచ్చినట్టు.

నిన్న మీటింగుకి ముందు
బోరు నీళ్లు స్టీలు గ్లాసులో తనే పట్టుకొచ్చాడు.
మెట్లు పక్కవాటుగా ఎక్కి,
ఒక్క చుక్క ఒలక్కుండా.
"తాగబ్బయా. ఇవి మన నీళ్లు."
అందరూ చూస్తున్నారు.
అదేం లేదు, ఆయన చూస్తున్నాడు,
జ్వరమొచ్చిన తమ్ముణ్ణి చూసినట్టు.

తాగాను.
చల్లగానే ఉన్నాయి.
పుస్తకం తెరిచి, తేదీ వేసి
హాజరైనవారి పేర్లు రాయడం మొదలుపెట్టా.