ఖాళీ టిక్కీ

బ్రాడీపేట నాలుగో లైనులో, జిరాక్సు షాపు మేడమీద
ఆదివారం ఆరాధన అయ్యాక నా క్లాసు.
బోర్డు మీద ఐదు గీతలు గీసి
"ఇవి లైన్లు" అంటే పిల్లలు నవ్వుతారు.
మాకు తెలీని లైన్లా టీచర్!
మాది రెండో లైను, మాది అయిదు బై పద్నాలుగు.
సరే, ఇక్కడ మాత్రం కిందనుంచి లెక్కపెట్టాలి.
గీత మీద ఉండేవాళ్లు కొందరు, సందులో ఉండేవాళ్లు కొందరు,
అద్దె ఎవరికీ తక్కువ కాదు.

రైలుకట్ట అవతలినుంచి వచ్చే శాంతిప్రియ
"మా ఇల్లు ఏ లైన్లోనూ లేదు టీచర్" అంది.
గీతలన్నిటి కిందా ఒక బొట్టు పెట్టి
దాని నడుంలోంచి చిన్న అడ్డగీత తీశాను.
తన గీత తనే మోసుకు తిరిగే స్వరం.
కాగితమ్మీద ఊరి బయట,
పియానో మీద నట్టనడుమ.

వెనక బల్లమీద ఏసోబు గారు.
పొద్దున మిర్చియార్డులో కాటా దగ్గర,
పెళ్లిళ్ల రోజుల్లో బ్యాండులో క్లారినెట్టు.
ముప్ఫై ఏళ్లు చెవితో బతికిన మనిషి.
ఒకసారి వింటే చాలు,
ఊరేగింపు మలుపు తిరిగేలోగా వాయించేస్తాడు.
అలాంటివాడు నా దగ్గర
వేలితో కాగితం తడుముతూ
కూడబలుక్కునే ఒకటో తరగతి పిల్లాడయ్యాడు.

"నల్లగా నిండింది ఒక దెబ్బ,
ఖాళీగా ఉన్నది రెండు" అన్నాను.
కళ్లజోడు పైకెత్తాడు.
"నిండు టిక్కీ కన్నా ఖాళీ టిక్కీ బరువంటారేంటమ్మా?
మా యార్డులో ఇట్లా తూస్తే కొడతారు."
పక్కన పెట్టే చుక్క సంగతి మాత్రం
చెప్పీ చెప్పకముందే పట్టేశాడు:
"కూలి మీద సగం కూలి. రాత్రి లోడింగు."
ఆరోజునుంచి పిల్లలందరికీ
అది లోడింగు చుక్క.

విరామాల దగ్గర పేచీ పడ్డాం.
ఊదని చోటు కూడా చదవాలా అని ఆయన,
ఊదని చోటే ముందు చదవాలని నేను.
రెండు దెబ్బలు ఆగమంటే సరిగ్గా అక్కడే తుమ్ముతాడు.
చొక్కా మడతల్లోంచి లేచిన కారం ఘాటుకి
ముందు బెంచీ మొత్తం తుమ్ముతుంది.
కొన్నాళ్లు మా పాటల్లో మౌనమంటే తుమ్మే.

మొన్న ఆషాఢం. పెళ్లిళ్లు లేవు.
ఎవరూ ఎక్కడా పాడని ఎనిమిది గదుల ముక్క
రాత్రి నేనే రాసి తెచ్చాను.
పాడి వినిపించమన్నాడు. లేదన్నాను.
ఆయన వేళ్లు భయపడ్డం మొదటిసారి చూశాను.
తప్పు ఊదాడు. వెనక్కెళ్లాడు.
మూడో గదిలో కాలుజారి మళ్లీ మొదలు.
ఐదో గది దాటేసరికి
శాంతిప్రియ తల ఊపుతోంది.

అయిపోయాక క్లారినెట్టు ఒళ్లో పెట్టుకుని
కాగితం తిరగేసి చూశాడు
అటువైపు ఎవరన్నా ఉన్నారేమోనని.
"ఇది నాకెవరూ వినిపించలేదు గదమ్మా,
మరి నేనెట్లా విన్నాను?"

జవాబు వెతుక్కుంటుంటే
తెనాలి ప్యాసింజరు కిటికీలు వణికించింది.
అది పోయేదాకా ఆగాం అందరం,
ఆయన మోకాలిమీద వేలితో
దెబ్బలు లెక్కపెడుతూ.