పట్టు షెడ్డు లెక్కల బుక్కు

మొగిలి ఘాటు ఎక్కినాక ఎడంపక్క మట్టిరోడ్డు,
దాని కొసన మా పట్టుపురుగుల షెడ్డు.
గూళ్ళ ధర పడిపోయిన ఏడు
పురుగులు పోయినాయి, వెదురు తట్టలు మిగిలినాయి.
మల్బరాకు పరిచిన తట్టల్లో ఇప్పుడు
పాల కవర్లు, చెప్పుల అట్టలు, తెగిన చార్జర్లు,
ఏ సీసాదో తెలియని మూతలు.

బుక్కు రాసేది నేను.
తొమ్మిదిమంది ఆడోళ్ళలో
అక్షరం గుండ్రంగా వచ్చేది నాకేనని ఖాజాబీ తీర్పు.

మొదటి పేజీ, మొదటి వరస:
కాటా ఒకటి, పలమనేరు సంతలో, పదకొండు నూర్లు.
అంతకుముందు పాత సామాన్లాయన తూచేవాడు.
ఆయన బొటనవేలు తగిలితే చాలు
మా ఇనుము దూదయ్యేది.

రెండో పేజీ:
ఎన్నికలైన మర్నాడు దించిన ఫ్లెక్సీలు, నలభై మూడు.
చేతులు జోడించినోళ్ళను బోర్లా పరిచి
పైన చింతపండు ఆరబోసినాం.
నేల తేమ అంటనే లేదు.
నాయకులు పనికిరావడం ఇదే మొదటిసారి,
అంది కుప్పమ్మ, నవ్వకుండా.

ఏనుగులు తొక్కిన డ్రిప్పు పైపులతో
మంచాలు అల్లినాం.
ఎండాకాలం వీపుకు అంటుకుంటాయి, అబద్ధమెందుకు.
చాక్లెట్ కాగితాల బుట్టలు తిరుపతికి మోసుకుపోతే
పొద్దుగూకేదాకా రెండు అమ్ముడుపోయినాయి,
బస్సు చార్జీకి అవి చాల్లేదు.
చంటిపిల్లల డైపర్లకైతే
ఇప్పటికీ మా దగ్గర జవాబు లేదు.
ఆ తట్ట ముందర అందరం తలొంచుకుంటాం.

చిత్తిర నెలలో ఒక పొద్దున వళ్ళెమ్మ వచ్చింది,
కొంగు చాటున నాలుగు గిన్నెల క్యారియరు.
"క్వారీ మూసేసినారు మే.
ఆయన ఇంట్లోనే తింటుండాడు.
ఇంక దీనికేం పని?"
కాటాలో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"అమ్మేదానికి కాదు. మోగేదానికి."

అడవి అంచు చేలకు మేం కట్టే తీగ ఉండాది,
ఖాళీ సీసాలు, నూనె డబ్బాలు, కాడ ఊడిన గరిటెలు.
కౌండిన్య అడవి దిగొచ్చేవాళ్ళకు
మేం చెప్పుకునే మాట అది:
ఈడ మనుషులం ఉండాం,
అటుపక్క పోండి సామీ.

మర్నాడు ఆమె మొగుడు చెంగల్రాయుడు వచ్చినాడు.
గుమ్మంలో నిలబడి
చాలాసేపు తన చెప్పులు చూసుకున్నాడు.
తర్వాత డ్రిల్లు అడిగినాడు.
ఇరవై రెండేళ్ళు కొండకు బెజ్జాలేసిన చెయ్యి,
సీసా అడుగున బెజ్జమేస్తే
పెచ్చు కూడా లేవలేదు.
ఈయన్ని ఏ వరసలో రాయాల?
వచ్చినవాటిలోనా, తయారైనవాటిలోనా?
ఖాజాబీని అడిగితే
"టీ లెక్కలో ఒక గ్లాసు ఎక్కువ రాయి" అంది.

నాలుగు గిన్నెలూ తీగకెక్కినాయి.
పైది, ఊరగాయ గిన్నె, సన్నంగా పలుకుతుంది.
అడుగుది సంగటి గిన్నె,
గొంతులో మాట అడ్డం పడినట్టు
ఒక్కసారి ఖంగుమని ఆగిపోతుంది.

అమావాస్యకు ముందురోజు రాత్రి తీగ మోగింది.
ఊరంతా లేచింది, టార్చీలు, టపాసులు,
ఎటు పోవాలో తెలియని అరుపులు.
వళ్ళెమ్మ మంచం దిగకుండానే చెప్పింది:
"సంగటి గిన్నె. పనసచెట్టు దిక్కు."
అక్కడే ఉండాది ఒంటరి ఏనుగు.
ఉన్న నాలుగు కాయలూ తినేసి
తీగ తెంపి, దారం పోగు మాదిరి కాలికి ఈడ్చుకుంటా,
మమ్మల్ని చూసీ చూడనట్టు
అడవిలోకి నడిచిపోయింది.
టమాటా తోట మిగిలింది.
పనస మిగల్లేదు.

తెల్లారినాక చెంగల్రాయుడు
మట్టిలోంచి గిన్నె తవ్వి తెచ్చినాడు,
ఒక పక్క లోపలికి నొక్కుకుపోయింది.
వళ్ళెమ్మ వేలు మడిచి కొట్టి చూసింది.
వేరే గొంతు.
"ముందుటికంటే ఇదే నయం" అంది.
గిన్నెను చూసి అందో, మనిషిని చూసి అందో
నేను అడగలేదు.

బుక్కులో మాత్రం రాసినాను:
సంగటి గిన్నె, ఒకటి.
ఏనుగు కాలు పడింది.
మళ్ళీ కట్టవలెను.