పగటి మంట

గరివిడిలో వాన పడితే
రోడ్డు పక్క నీళ్ళు నల్లగా పారతాయి.
కొత్తవాళ్ళు మురుగనుకుంటారు.
మాంగనీసు అది.

గవిడి సన్యాసమ్మ పద్దెనిమిదేళ్ళు
దాన్ని తట్టలతో మోసింది.
మోసిన రాయి ఎటు పోయిందో ఎప్పుడూ అడగలేదట.
రైలెక్కింది, అంతే.
ఇప్పుడు మా పాలిటెక్నిక్‌లో గాజు గొట్టాలు కడుగుతుంది.
ఆమె చేతిలో ఒక్కటీ పగల్లేదు,
నా చేతిలో ఏడు.

ఆకులో ఈ రాయే ఉందంటే నమ్మలేదు.
"ఏ ఆకులో?"
ఏ ఆకులోనైనా. గోంగూరలో, చింతచిగురులో,
పొద్దున నువ్వు పీకి పారేసిన గడ్డిలో.
నాలుగే నాలుగు పరమాణువులు ఒక మూల కూర్చుని
ఎండ తగిలితే చాలు, నీటిని చీలుస్తాయి.
"నాలుగేనా?
మా మేస్త్రీ రోజుకి నలభై తట్టలు ఎత్తించీవోడు."

మేడ మీద, ట్యాంకు నీడ పడనిచోట
గాజు పలక ఆనించాం.
పలక మీద ఆ నల్లరాతి పూత,
అట్ల పెనం కన్నా పల్చగా.
ఒక గొట్టంలో వడగట్టిన బోరునీళ్ళు.
రెండో గొట్టంలోకి బొగ్గుపులుసు గాలి కావాలి.
విశాఖ నుంచి సిలిండరు రావాలి.
మూడు వారాలుగా అది "దార్లో ఉంది సార్."

"నోట్లోంచి వొచ్చీది అదేనని
నిన్న మీరే సెప్పారు కదేటి" అంది.

ఊదింది.
బుడగ నిండడానికి చాలాసేపు పట్టింది.
మధ్యలో ఆగి దగ్గింది.
లోపలెక్కడో తట్ట బోర్లించిన చప్పుడు.
నేను ఊదుతానంటే ఇవ్వలేదు,
నోరు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

పదకొండు రోజులు.
మబ్బేసిన రెండు రోజులు పలక మొద్దులా ఊరుకుంది.
మిగతా రోజులు
సన్నటి బుడగలు, చద్దన్నం పులిసినట్టు.
చివరికి మరిగించి, చల్లార్చి, మళ్ళీ మరిగించి
పావు చెంచాకి తక్కువ మిథనాల్.
దాన్ని వేరుచెయ్యడానికి కాల్చిన కరెంటు
దానికి ఎన్ని రెట్లో నివేదికలో రాశాను.
రాయకుండా ఉండాలనిపించింది, రాశాను.

ప్రిన్సిపాలు గారిని పిలిచాం.
మిట్టమధ్యాహ్నం, సీసా మూతలో పోసి
అగ్గిపుల్ల గీశాను.
ఏమీ లేదు.
ఇంకో పుల్ల.
ఏమీ లేదు.
"సరే, చూద్దాం లెండి" అని ఆయన మెట్లు దిగిపోయారు.

సన్యాసమ్మ అరచెయ్యి చాపింది,
కాయలు కాసి, గీతలు చెరిగిపోయిన చెయ్యి,
మూతకి జానెడు ఎత్తున.
"ఉన్నాది బాబూ. కాల్తన్నాది."

పగటి ఎండలో ఆ మంట కంటికి ఆనదని
ఎమ్మెస్సీలో చదువుకున్నాను.
పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.
ఇద్దరం చేతులు చాపుకుని నిలబడ్డాం,
చలి కాచుకునేవాళ్ళలా, ఏప్రిల్ ఎండలో.
ఆమె ఊపిరి ఆమె వేళ్ళ సందుల్లోంచి
తిరిగి గాల్లో కలుస్తోంది,
ఎంత తీశామో అంత.

"దీన్తో టీ కాగుద్దేటి?"
కాగదు.
"గ్లాసు నీళ్ళు గోరువెచ్చనవుతాయా?"
అవవు.
"ఊఁ" అంది,
మూత చల్లారాక కడిగి బోర్లించింది.

రేపు ఊదక్కర్లేదు, సిలిండరు వచ్చేస్తుందన్నాను.
పిట్టగోడ మీంచి వంగి
చీపురుపల్లి రోడ్డు వైపు చూసింది.
లారీలు పోతున్నాయి, ఏదీ మలుపు తిరగలేదు.
"రాకపోతే సెప్పండి" అంది.