ఆపాక ఒకసారి

ఆస్టోరియాలో తొమ్మిది నెలలు వానది,
మిగతా మూడూ నాచువి.

మొదటి పెన్షన్ చెక్కుతో కొన్నాను, పెట్రోలుది.
కరెంటుది చాలదా, అన్నాడు తమ్ముడు ఐనో.
మా వాకిలి వాడెప్పుడైనా ఊడ్చాడా?

యాభై అడుగుల గొట్టం, ఇత్తడి బిగింపులు,
చెవులకు డిప్పలు, మోకాళ్ళ దాకా బూట్లు,
రంగుకో నాజిల్.
ఎర్రదాని జోలికి పోకమ్మా, అన్నాడు కొట్టతను.
పోయాను.
దేవదారు మెట్టు మీద వేలెడు గాడి,
నా తొందర చేసిన సంతకం.

ఆకుపచ్చకి మారాను.
జానెడు మేర సిమెంటు తెల్లబడింది.
అంతే, మిగతా ఇల్లంతా మురికిదైపోయింది:
గోడ, కంచె, చెత్తడబ్బా,
చివరికి పక్కింటి బెర్నీస్ ప్రహరీ కూడా.

చీకటి పడ్డాక ఇంజను ఆపాను.
అరచేతుల్లో అది ఇంకా తిరుగుతూనే ఉంది.
ఆపాక ఒకసారి మీట నొక్కాలమ్మా,
గొట్టంలో ఒత్తిడి మిగిలిపోతుంది, అన్నాడతను.
నొక్కాను.
చీదినట్టు చారెడు నీళ్ళు.
బిర్రబిగిసిన గొట్టం మెత్తబడి
గడ్డిలో వాలింది.

ముప్పయ్యొక్క ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో
సైరన్ కూయగానే నేరుగా ఇంటికొచ్చేదాన్ని.
ఈ మాట అప్పుడెవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రాలెలా ఉండేవో
ఐనోని అడగండి.