మూట

అమీర్‌పేటలో నాలుగో అంతస్తు.
లిఫ్టు పనిచేయదని అంటించిన కాగితమే పాతబడింది.
ముప్పై రెండు కుర్చీలు, నలభై ఒక్క మంది.
కిటికీ అవతల మెట్రో పోయినప్పుడల్లా
తస్నీమ్ మేడం వాక్యం సగంలో ఆపుతుంది,
రైలు దాటాక ఆ సగం నుంచే అందుకుంటుంది.

"ఇదే పాజ్," అంది మొదటిరోజు.
"నేను కనిపిస్తూనే ఉన్నా. మీ చేతికి అందలేదు, అంతే."

బోర్డు మీద ఆరు గళ్ళు గీసింది:
పుట్టడం, కనబడటం, చేతికందడం,
ఆగడం, మరుగవడం, పోవడం.
మరుగైన చోటు నుంచి వెనక్కి ఒక వంపు బాణం.
ఆఖరి గడి నుంచి ఏ బాణమూ లేదు.
"పోతే మళ్ళ రాదా మేడం?" వెనక నుంచి ఉపేందర్.
"వస్తుంది. కానీ అది ఇది కాదు."

పగలు నాది మైత్రీవనం వెనక గల్లీలో జిరాక్స్ దుకాణం.
జబ్బార్ సేట్ కాపీల లెక్క గీతల్లో రాస్తాడు,
అయిదుకో అడ్డగీత.
ఆ గీతల కోసమే నా మొదటి యాప్:
ఒక అంకె, కింద ఒక బటన్.
శనివారం ఆధార్ కాపీల రద్దీలో
రెండొందల పద్దెనిమిది దాకా ఎక్కింది.
సేట్ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
పెద్దగా కనబడుతుందేమోనని ఫోను అడ్డంగా తిప్పాడు.

సున్నా.

నిలువుగా తిప్పాడు.
సున్నా.
"ఏం భాయ్, నా రెండొందల పద్దెనిమిది ఏడబోయినయ్?"

ఆ రాత్రి తెలిసింది, తిప్పితే తెర తిరగదట.
నిలువు తెర చచ్చిపోయి
అడ్డం తెర పుడుతుందట,
రెప్పపాటులో, ఏడుపూ లేదు పురుడూ లేదు.
పోయేముందు చిన్న మూట కట్టుకోనిస్తారు.
అంకె పెట్టుకో, పేరు పెట్టుకో, బరువులు వద్దు.
మళ్ళీ పుట్టగానే ఆ మూట చేతికిస్తారు.
మొట్టమొదటిసారి పుట్టినవాళ్ళకి మాత్రం
ఖాళీ మూట కాదు, అసలు మూటే ఉండదు.
"ఉందా లేదా అని చూడకుండా విప్పబోతే
అక్కడే కుప్పకూలుతారు," అంది మేడం.
నేను మూడుసార్లు కూలాను.

గురువారం ఉపేందర్ రాలేదు. శుక్రవారమూ.
ఫీజు రెండో వాయిదా అన్నారొకరు.
శంషాబాద్ రోడ్డులో డెలివరీ బండి మీద చూశానని ఇంకొకరు.

ఆరోజే పాఠం:
"ఆఖరి గడికి పిలుపు వస్తుందని నమ్ముకోకండి.
చోటు చాలకపోతే సిస్టమ్ చెప్పకుండా తుడిచేస్తుంది.
చివర్లో చేద్దామని రాసుకున్నది
జరగకుండానే ఉండిపోవచ్చు.
దాచాల్సింది మరుగయ్యేలోపే..."

మెట్రో వచ్చింది.
నలభై పెన్నులు గాల్లో ఆగాయి.
అతని కుర్చీ కింద నోట్‌బుక్కు దొరికింది.
చివరి పేజీలో నా పేరు,
పక్కన నలభై రూపాయలు, చాయ్‌లకి,
కింద రెండు గీతలు.

సోమవారం సేట్ ఫోను అడ్డంగా తిప్పాడు,
నిలువుగా, మళ్ళీ అడ్డంగా.
అరవై మూడు. అరవై మూడు. అరవై మూడు.
"ఇప్పుడు మంచిగుంది," అన్నాడు.
అని, అట్ట మీద పెన్సిల్‌తో
గీతలు గీస్తూనే ఉన్నాడు,
అయిదుకో అడ్డగీత.